రసమట్టం మేస్త్రి అరికాళ్ళు

నేల మెత్తబడింది.

మంచం దిగీ దిగగానే రసమట్టం మేస్త్రికి ఆ రోజు కూడా అలాగే అనిపించింది. కాళ్ళ కింద ఉన్నది ఇరవయ్యారేళ్ళ కిందట తన చేతులతో తాను పోసిన మొజాయిక్ గచ్చు. సుత్తితో కొట్టినా చెక్కుచెదరదు. అలాంటి గచ్చుని ఎవరో రాత్రికి రాత్రి తవ్వి పట్టుకుపోయి, దూది పరిచి, పైన పాత గచ్చు బొమ్మ గీసి వెళ్ళినట్టుంది. ఒక అడుగు వేశాడు. మునగలేదు. ఇంకో అడుగు వేశాడు. తేలాడు. మబ్బు మీద నడవడం ఎలా ఉంటుందో వెళ్ళొచ్చి చెప్పినవాడు లేడు గానీ, ఇలాగే ఉండాలి.

హాయిగానే ఉంది. అదే భయం.

రసమట్టం అంటే తాపీపనివాళ్ళు నేల సమంగా ఉందో లేదో చూసుకునే పనిముట్టు. చిన్న గాజుగొట్టం, అందులో ఒక బుడగ. నేల సమంగా ఉంటే బుడగ మధ్యలో నిలుస్తుంది, లేకపోతే పక్కకి జారుతుంది. ఈ మేస్త్రికి ఆ పేరు ఎందుకు పడిందంటే, అతనికి ఆ పనిముట్టు అక్కర్లేదు. చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని కొత్త నేల మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తాడు. గోరు మందం గుంట ఉన్నా అరికాలు ఆగుతుంది. "ఇక్కడ" అంటాడు. వెనకే వచ్చే బామ్మర్ది అక్కడ సుద్దముక్కతో సున్నా చుడతాడు. తర్వాత ఏ మట్టపలక పెట్టి చూసినా గుంట ఆ సున్నాలోనే ఉంటుంది. ఈ మధ్య వచ్చినవాళ్ళు ఎర్రటి లేజరు గీత కొట్టే మిషన్లు తెచ్చుకున్నారు. వాటితో పందెం కాసి గెలిచిన కాళ్ళు అవి. ఆ కాళ్ళు లేకపోతే అతను పదిమందిలో పదకొండోవాడు. అడ్డా మీద నిలబడి పనికోసం ఎదురుచూసే ఇంకో ముసలి మేస్త్రి.

పోయిన వానలప్పుడు బొటనవేళ్ళ దగ్గర మొదలైంది కాళ్ళకి ఈ మొద్దునిద్ర. చీమలు పాకినట్టు ఉండేది. తర్వాత చీమలు కూడా వెళ్ళిపోయాయి. వేళ్ళనుంచి పాదానికి, పాదం నుంచి మడమకి పాకింది. ఎవరికీ చెప్పలేదు. పెళ్ళానికి చెబితే ఇల్లు పీకి పందిరేస్తుంది. బామ్మర్దికి చెబితే నవ్వుతాడు, నవ్వి ఏడుస్తాడు. అందుకని నోరు కుట్టేసుకున్నాడు.

ఇక ఆ ఇంటి చట్టం గురించి చెప్పాలి. చట్టం అన్నమాట ఊరికే వాడలేదు.

ఆ ఇంట్లోకి చెప్పుతో ఎవడూ రాడు. మేస్త్రి భార్య బట్టలు కుడుతుంది. కుట్టుమిషను గడప పక్కనే వేసుకుంది. వెలుతురు కోసమని పైకి చెబుతుంది గానీ అసలు సంగతి వీధి మొత్తానికి తెలుసు. అందుకే ఆవిడని గడప పోలీసంటారు. తల ఎత్తక్కర్లేదు, చెప్పుల చప్పుడు విని మనిషెవరో చెప్పేస్తుంది. ఒకసారి ఇంటిపన్ను లెక్క చూడటానికొచ్చిన ఆఫీసరు బూట్లతో లోపలికి కాలు పెట్టబోయాడు. "బాబూ, పన్ను ఎంతైనా వెయ్యి, కాలు మాత్రం వెయ్యకు" అంది. ఆయన గింజుకుని గింజుకుని బూట్లు విప్పితే సాక్సుకి పెద్ద చిల్లు. ఆవిడ ఆ సాక్సు అక్కడే ఒలిపించి, రెండు కుట్లు వేసి ఇచ్చింది. అప్పటినుంచి ఆ ఆఫీసరు వీధిలో ఎదురుపడితే ముందు ఆయనే పలకరిస్తాడు.

కుట్టుపని ఇంట్లో సూదులూ గుండుసూదులూ రాలుతుంటాయి. అందరూ వట్టికాళ్ళతో తిరిగే ఇల్లు. అందుకని పని కట్టేసే ముందు రోజూ ఆవిడ ఒక అయస్కాంతానికి దారం కట్టి ఇల్లంతా లాగుతుంది. చిన్నపిల్ల బొమ్మబండి లాగినట్టు. మేస్త్రి మంచం మీద పడుకుని అది చూస్తుంటాడు. గచ్చు మీద ఆ అయస్కాంతం గరగర చప్పుడు వింటే అతనికి నిద్ర ముంచుకొస్తుంది.

ఆ గచ్చు కథ కూడా ఒక ముక్క. ఇల్లు కట్టుకున్నప్పుడు రాతిముక్కలు కొనే స్తోమత లేదు. పెద్దవాళ్ళ ఇళ్ళలో పనిచేసినప్పుడల్లా మిగిలిన పిడికెడు చిప్స్ అడిగి తెచ్చుకున్నాడు. తెల్లవి ఒక డాక్టరు ఇంటివి, నల్లవి ఒక హోటలువి, వంటింటి గుమ్మం దగ్గరి ఆకుపచ్చవి ఒక బ్యాంకువి. రెండేళ్ళు కూడబెట్టి పోశాడు. ఏ రెండు గళ్ళూ ఒక్కలా ఉండవు. సాయంకాలపు వెలుతురు పడ్డప్పుడు చూస్తే గచ్చులా ఉండదు, లోతులేని ఏటి అడుగున గులకరాళ్ళు చూస్తున్నట్టుంటుంది. పైన నీళ్ళు కదులుతున్నట్టు కూడా ఉంటుంది.

*

ఆ వారం వాళ్ళు ఒక డాన్సు బడిలో పెద్ద హాలుకి నేల పోస్తున్నారు. పోయడం అయింది, ఆరింది, బామ్మర్ది మిషనుతో పైపొర అరగదీసి మొదటి కోత కోశాడు. ఇప్పుడు మేస్త్రి నడవాలి, గుంటలు చెప్పాలి, వాటిని సరిచేసి పాలిషు పట్టాలి. రేపు పిల్లలు వట్టికాళ్ళతో గిరగిరా తిరిగే నేల. తిరిగేటప్పుడు మడమ గుంటలో పడిందంటే చీలమండ మెలిపడుతుంది. అందుకే టీచరమ్మ వెతికి వెతికి రసమట్టం మేస్త్రిని పిలిపించింది.

"బావా, కాళ్ళు దింపు. నా సుద్దముక్క ఆకలిమీదుంది" అన్నాడు బామ్మర్ది.

మేస్త్రి చెప్పులు విప్పాడు. హాలు ఒక గోడంతా అద్దం. కిటికీల వెలుతురు కొత్త నేల మీద పడి, అక్కడినుంచి అద్దంలోకి దూకి, మళ్ళీ నేల మీదికి వస్తోంది. అద్దంలో ఇంకో మేస్త్రి ఇంకో హాల్లో నడుస్తున్నాడు. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

దూది. అంతా దూదే. ఈ గోడనుంచి ఆ గోడదాకా ఒకే మబ్బు. అతను మబ్బులో వెతికాడు. ఒకప్పుడు నేల అతనితో మాట్లాడేది. ఇక్కడ జారాను, ఇక్కడ పొంగాను, ఇక్కడ నీ బామ్మర్ది తొందరపడ్డాడు అని చాడీలు చెప్పేది. ఇప్పుడు ఎంత అడిగినా పలకదు. అలిగిన పెళ్ళాంలా అటు తిరిగి పడుకుంది. అతను చివరిదాకా నడిచి గోడకి చెయ్యి తగిలాక కళ్ళు తెరిచాడు.

"ఏంటి బావా, ఒక్కటీ లేదా?"

"లేదురా. సాపుగా ఉంది."

"ఓరి నాయనో! నా కోతని నువ్వు మెచ్చుకున్నావా? గొడుగు తెచ్చుకోవాల్సింది, ఇవాళ పిడుగులు పడతాయి."

పిడుగు కాదు గానీ నీళ్ళు పడ్డాయి. కోతకి వచ్చిన రాతిపిండి కడగడానికి బామ్మర్ది రెండు బక్కెట్లు కుమ్మరించి గుడ్డకర్రతో తోశాడు. నీళ్ళన్నీ గుమ్మంవైపు వెళ్ళిపోయాయి, అద్దం ముందు చాటంత తప్ప. ఆ చాటంత నీళ్ళు అక్కడే కూర్చున్నాయి. వాటిలో కిటికీ తలకిందులుగా వెలుగుతోంది. ఎంతో అందంగా ఉంది. బామ్మర్ది దాన్ని చూశాడు. బావని చూశాడు. వేళాకోళం ఆడలేదు. పుట్టి బుద్ధెరిగాక వాడు వేళాకోళం ఆడని క్షణం అదొక్కటే.

"రాత్రి నిద్ర లేదురా" అన్నాడు మేస్త్రి.

"ఆఁ. అదే అయ్యుంటుంది" అన్నాడు బామ్మర్ది, ఎటో చూస్తూ.

*

వాళ్ళ వీధిలో పైపులకోసం తవ్వి వారం అయింది. గడపల ముందు ఎర్రమట్టి గుట్టలు. ఆ వారం గడప పోలీసుకి కంటిమీద కునుకు లేదు. ఒక్క మట్టి అడుగు లోపల పడితే చాలు, మనిషి చర్మం ఒలిచి తుడుపుగుడ్డ చేస్తుంది.

ఆ సాయంకాలం మేస్త్రి ఇంటికొచ్చేసరికి ఆవిడ లేదు. కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. అతను చెప్పులు విప్పి, బయట కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాడు. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగాడు. కిటికీ దాకా వెళ్ళాడు, తిరిగొచ్చి మిషను పక్కన నిలబడ్డాడు, మంచం మీద కూర్చున్నాడు. ఏమీ ఆలోచించడంలేదు. అద్దం ముందర నిలిచిన నీళ్ళు కళ్ళలోంచి పోవడంలేదు, అంతే.

కాసేపటికి గుమ్మంలో కేక.

"ఎవరది? ఎవరా తొక్కింది?"

మేస్త్రి ఉలిక్కిపడి చూశాడు. గచ్చు మీద ఎర్రటి మరకలు. చంద్రవంకల్లాంటివి, చెప్పు అంచు తగిలినట్టు. గడప నుంచి వంటింటికి, వంటింటి నుంచి కిటికీకి, అక్కడినుంచి మంచందాకా.

సరిగ్గా అప్పుడే కూతురు గడప అవతల బూట్లు విప్పుతోంది. ఆ పిల్ల సిటీ బస్సు నడుపుతుంది. లారీవాళ్ళని కూడా నోటితో గెలిచే ఘటం. "నేనింకా సరిహద్దు దాటలేదమ్మా. పాస్‌పోర్టు చూపించమంటావా?"

"పళ్ళు రాలతాయి. ఆలస్యమైందని బూట్లతో లోపలికి పరిగెత్తిందెవరు?"

"అది మూడేళ్ళనాటి మాట!"

"నాకు నిన్నటిలాగే ఉంది."

వెనకాలే బామ్మర్ది. బావతో ఏదో మాట్లాడాలని వచ్చాడు పాపం. "అక్కా, నన్ను చూడకు. నేను వీధి చివరనుంచి ఎగురుకుంటూ వచ్చాను, మట్టి తగిలే వీల్లేదు."

"ఎగిరినవాళ్ళూ దూకినవాళ్ళూ అందరూ రండి. గోడవారన కూర్చోండి. అరికాళ్ళు చూపించండి."

ముగ్గురూ గోడకి చేరబడి కాళ్ళు చాపి కూర్చున్నారు, బడిలో శిక్షపడ్డ పిల్లల్లాగా. ఆవిడ వంగి ఒక్కొక్కరివీ చూస్తోంది. కూతురి అరికాళ్ళు శుభ్రంగా ఉన్నాయి, మడమలు మాత్రం పగిలాయి. "రాత్రిళ్ళు నూనె రాసుకోమంటే వినవు" అని ఒకటి తగిలించింది. తమ్ముడి కాళ్ళనిండా తెల్లటి రాతిపిండి. "నువ్వు కడుక్కోకుండా వచ్చావు, నీ సంగతి తర్వాత."

"ఏమయ్యా, నువ్వు కూడా చూపించు."

"నేనేం చేశానే?"

"చట్టం అందరికీ ఒకటే."

మేస్త్రి నవ్వుతూ కాళ్ళెత్తాడు.

ఎవరూ నవ్వలేదు. కూతురి నోరు తెరుచుకునే ఉంది. బామ్మర్ది మొహంలో నెత్తురు చుక్క లేదు. భార్య చేతిలో తుడుపుగుడ్డ జారి కింద పడింది.

"ఏంటలా చూస్తారు? మట్టి నా కాళ్ళకేనా?" అన్నాడు మేస్త్రి.

మట్టి కాదు. ఎడమకాలి మడమ ముందు చర్మం పగిలి నెత్తురు కారుతోంది. దాంట్లో చీము కూడా కలిసి ఉంది. మధ్యలో సన్నగా ఏదో మెరుస్తోంది. ఆవిడ దగ్గరగా వంగి చూసింది. విరిగిన మిషను సూది. ఇల్లంతా రోజూ అయస్కాంతం లాగేది ఆవిడే. విరిగిన ముక్క దొరకలేదని నాలుగు రోజుల కిందట మిషను కింద వెతికి వెతికి, బయట చెత్తలో పోయుంటుందిలే అని వదిలేసింది కూడా ఆవిడే. సూది చెత్తలోకి పోలేదు.

"నొప్పి లేదా?" అంది ఆవిడ. గొంతు పోలీసుది కాదు.

"లేదే" అన్నాడు మేస్త్రి. ఇక దాచి లాభం లేదనిపించింది. "నాలుగైదు నెలలుగా కాళ్ళ కింద ఏమీ లేదు. మెత్తగా ఉంటుంది. హాయిగా ఉంటుంది."

*

డాక్టరమ్మ సూది తీసి, పుండు కడిగి, కట్టు కట్టింది. తర్వాత ఒక మందపాటి దారంలాంటిది చేతిలోకి తీసుకుంది. "కళ్ళు మూసుకోండి. దీంతో తాకుతాను. తగిలినప్పుడల్లా చెప్పండి" అంది.

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఇది అతనికి అలవాటైన పనే. కళ్ళు మూసుకుని కాళ్ళతో వినడం. ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో ఎవరో దగ్గుతున్నారు. కాళ్ళు రెండూ ఎక్కడో దూరంగా, అవతలి ఒడ్డున, వేరేవాళ్ళవి అన్నట్టు పడి ఉన్నాయి. మధ్యలో పొగమంచు. చాలాసేపు ఎదురుచూశాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా డాక్టరమ్మా?"

"అయిపోయింది" అంది ఆవిడ.

షుగరు నరాల్ని తినేసిందని చెప్పింది. పోయిన స్పర్శ తిరిగొస్తుందన్న ఆశ పెట్టుకోవద్దంది. ఉన్న కాలైనా కాపాడుకోవాలంటే ఇక వట్టికాళ్ళతో ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు. వీధిలో కాదు, ఇంట్లో కూడా. మంచం దిగితే చెప్పు, స్నానాలగదికి చెప్పు. "ఈసారి సూదితో పోయింది. ఇంకోసారైతే కాలు తియ్యాలి. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు మీరు?"

ఏం చేస్తున్నాడు? ముప్ఫై ఏళ్ళుగా సిమెంటులోనూ ఆసిడులోనూ కాళ్ళు నానబెట్టి అందరూ నడిచే నేలలు పోస్తున్నాడు. ఆవిడ నిలబడి ఆ ప్రశ్న అడిగిన నేల కూడా ఎవడో అలాగే పోసి ఉంటాడు. ఆ మాట అక్కడెవరికీ తట్టలేదు. మేస్త్రికీ తట్టలేదు. అతను సిగ్గుతో తల వంచుకుని, గదిమూల నేల వాలు సరిగ్గా లేదని చూస్తూ కూర్చున్నాడు.

కొత్త చెప్పులు మెత్తగా, మందంగా ఉన్నాయి, వెనక పట్టీ ఉంది. బామ్మర్ది ఒకపక్క, కూతురు ఒకపక్క పట్టుకుని ఇంటికి తెచ్చారు. గడప దగ్గరికి రాగానే మేస్త్రి ఆగాడు. వంగి పట్టీలు ఊడదీశాడు.

"నాన్నా!"

"తప్పుకోవే."

"డాక్టరు ఏం చెప్పిందో వినలేదా?"

"విన్నాను. నా గచ్చు మీద నేను చెప్పులతో నడవను."

కట్టుకట్టిన కాలితో కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. కూతురు తల్లివైపు తిరిగింది. "నువ్వు చెప్పు! ఇంట్లో గచ్చు బతకాలా, మనిషి బతకాలా? ఇన్నాళ్ళూ మమ్మల్ని కాల్చుకుతిన్నావుగా చెప్పులు చెప్పులని, ఇప్పుడు నోరు పడిపోయిందా?"

ఆవిడ అతను వదిలేసిన చెప్పులు తీసి గడప పక్కన సర్దింది. ఎలా మాట్లాడుతుంది? ఆ చట్టం ఆవిడ చేసింది కాదు. గచ్చు ఆరిన రోజున, కొత్తపెళ్ళికూతురిని చెయ్యిపట్టి గడప దాటించి, "దీనిమీద చెప్పు పడనివ్వకు" అన్నాడు మేస్త్రి. ఒక్కమాట, ఒక్కసారి. ఆవిడ ఇరవయ్యారేళ్ళు కావలి కాసింది. పేరేమో గడప పోలీసని ఆవిడకొచ్చింది. మొగుడు మంచివాడు, పెళ్ళాం గయ్యాళి అని వీధంతా అనుకుంది. ఎన్ని ఇళ్ళలో ఇలా ఒకరి మాటకి ఇంకొకరు తిట్లు తింటున్నారో లెక్కపెట్టేవాడు లేడు.

మూడు రోజులు కుట్టుమిషను మూగబోయింది. సూదుల డబ్బా మూత ఆవిడ తియ్యలేదు.

*

నాలుగోరోజు మధ్యాహ్నం మేస్త్రికి కల వచ్చింది.

ఇల్లంతా నీళ్ళు. గచ్చు లేదు, గులకరాళ్ళ మీద తేటనీళ్ళు. మంచం పడవలా ఊగుతోంది. దూరంగా, వంటింటి గుమ్మం ఉండాల్సిన చోట, భార్య నీళ్ళ మీద మోకాళ్ళమీద కూర్చుని గుడ్డతో నీళ్ళని తుడుస్తోంది. తుడిచి పిండుతోంది, పిండిన నీళ్ళు మళ్ళీ నీళ్ళలోనే పడుతున్నాయి. "ఎందుకే, అది తరగదు" అని అరిచాడు. ఆవిడ తలెత్తి, ఇది నాకు రోజూ ఉన్నదేగా అన్నట్టు చూసింది. మళ్ళీ వంగింది. అప్పుడు నీళ్ళ అడుగునుంచి ఒక చప్పుడు వచ్చింది. టక్. టక్. టక్.

కళ్ళు తెరిచాడు. చప్పుడు ఆగలేదు.

టక్. టక్.

ఆ ఇంట్లో అతను ఎన్నడూ వినని చప్పుడు. చెప్పులు గచ్చు మీద నడుస్తున్న చప్పుడు. భార్య వీధిచెప్పులు తొడుక్కుని గడపనుంచి లోపలికి వస్తోంది. ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తోంది, చన్నీళ్ళలో దిగుతున్నదానిలా. చెప్పుల అంచున ఎర్రమట్టి. నల్లగడి దాటింది, తెల్లగడి దాటింది. హాలు మధ్యలో ఆగి, దొంగతనం చేసినదానిలా అటూ ఇటూ చూసింది. ఇల్లు కూలలేదు.

మంచం దగ్గరికొచ్చి అతని కొత్త చెప్పులు కింద పెట్టింది. సబ్బుతో కడిగి ఆరబెట్టినట్టుంది, వాసన వస్తోంది.

"లే. తొడుక్కో."

"నేను తొడుక్కోను. నువ్వు కూడా విప్పు. మట్టి ఏంటది గచ్చు మీద?"

"గచ్చు, గచ్చు! నీ గచ్చులో ఏముందో నీకు తెలుసా?"

"నాకు తెలియదా? నా కాళ్ళతో..."

"వంటింటి గుమ్మం దగ్గర గుంట ఉంది."

మేస్త్రి లేచి కూర్చున్నాడు. కాలు పోతుందన్నప్పుడు కూడా అంత గభాలున లేవలేదు. "ఎక్కడ?"

"ఆకుపచ్చ గడిలో, ఎడంపక్క. రోజూ తుడిచాక అక్కడ నీళ్ళు నిలుస్తాయి. గుక్కెడు. దానికోసం విడిగా ఒక గుడ్డ పెట్టుకున్నాను. రోజూ చివర్న ఆ గుడ్డతో అద్దుతాను."

"అబద్ధం."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర పోసింది. మేస్త్రి చూడాలి. చూడాలంటే అక్కడికి వెళ్ళాలి. మంచం మీదనుంచి కాళ్ళు దింపాడు. ఆవిడ వంగి, ఏమీ అనకుండా, ఒక పట్టీ పెట్టింది, రెండో పట్టీ పెట్టింది. అతను కాదనలేదు. అతని కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి.

నీళ్ళు కాసేపు ఎటు పోవాలో తెలియనట్టు ఆగాయి. తర్వాత మెల్లగా, నిద్రలో నడిచేవాళ్ళలా, ఎడమవైపుకి కదిలాయి. ఆకుపచ్చ గడిలో చేరి గుండ్రంగా నిలబడ్డాయి. చిన్నది. అరచెయ్యంత. ఆకుపచ్చ రాళ్ళు దాని అడుగున వెలుగుతున్నాయి.

మేస్త్రి దాని పక్కన చతికిలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళ నేలలన్నీ చూసిన కాళ్ళు, పందేలు గెలిచిన కాళ్ళు, ఇంట్లో ఈ గుంటని ఒక్కరోజూ చూడలేదు. ఇక్కడ కళ్ళు మూసుకుని నడిచే అవసరం రాలేదు. తన గచ్చు తప్పయ్యే వీల్లేదుగా.

"ఎందుకు చెప్పలేదే?"

"అడిగావా?"

"ఇరవయ్యారేళ్ళు!"

"మొదట్లో చెబుదామనుకున్నా. కొత్త కాపురం, నువ్వేమో వచ్చినవాళ్ళందరికీ గచ్చు చూపించి మురిసిపోతున్నావు. పోనీలే అనుకున్నా. తర్వాత అలవాటైపోయింది. అక్కడికొచ్చేసరికి కాలికి చల్లగా తెలుస్తుంది. ఆ గుడ్డ అందుకుంటాను."

"కాలికి తెలుస్తుందా?"

"తెలియకేం? రోజూ తుడిచేది నేనేగా. డాన్సు హాల్లో నువ్వు ఏదో గుంట పోగొట్టుకున్నావని తమ్ముడు చెప్పాడు."

మేస్త్రి నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి, అవి కూడా వాలు చూసుకుని ఎడమపక్కకే కారాయి. ఆవిడ తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. గడప అవతల పెట్టి వచ్చి, తడిగుడ్డతో ఎర్రమట్టి తుడవడం మొదలుపెట్టింది.

సాయంకాలం కూతురు వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. తండ్రి చెప్పులతో హాల్లో తిరుగుతున్నాడు, టప్పుటప్పుమని.

"అమ్మయ్య! అయితే చట్టం రద్దయిందన్నమాట" అంటూ బూట్లతో ఒక కాలు లోపలికెత్తింది.

"నీ కాళ్ళు గుండ్రాళ్ళలా ఉన్నాయి" అని మిషను వెనకనుంచి గొంతు. మిషను మళ్ళీ నడుస్తోంది. "విప్పు."

*

టీచరమ్మ చూడటానికి వచ్చిన రోజున హాల్లో ముగ్గురున్నారు. ముందు మేస్త్రి భార్య, వట్టికాళ్ళతో, కళ్ళు మూసుకుని. వెనక మేస్త్రి, చెప్పులతో, చేతిలో సుద్దముక్క. వాళ్ళ వెనక బామ్మర్ది, నోటికి తాళం వేసుకుని. అక్కా బావా మధ్య వేళాకోళం ఆడితే ఎటునుంచి దెబ్బ పడుతుందో వాడికి తెలుసు. అద్దంలో కూడా ముగ్గురున్నారు. తడినేలలో తలకిందులుగా ఇంకో ముగ్గురు. హాలంతా నడిచేవాళ్ళతో నిండినట్టుంది, చప్పుడు మాత్రం ఒక్క జత చెప్పులది.

"మేస్త్రిగారూ!" టీచరమ్మ గుమ్మంలో తన చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని నిలబడింది. "చెప్పులు! మీరే కదండీ నాకు చెప్పింది, ఈ నేల మీద ఎవరినీ చెప్పులతో రానివ్వద్దని."

బామ్మర్ది ఏదో సర్దిచెప్పబోయాడు. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు. వానాకాలం నుంచి గొంతులో దాచిన మాట. అడ్డా మీదికి పోతుంది, రేపటికి నలుగురూ అనుకుంటారు. రసమట్టం పగిలిందంటారు. అననీ.

"నా కాళ్ళకి తెలియడం లేదమ్మా" అన్నాడు. గట్టిగానే అన్నాడు. ఖాళీ హాలు ఆ మాటని ఇంకోసారి అంది. "చెప్పు విప్పితే కాలు పోతుందన్నారు. అందుకని ఈ నేల మా ఆవిడ చూస్తోంది. మా ఇంట్లో నేను చూడని గుంట చూసిన మనిషి."

టీచరమ్మ లోపలికి వచ్చింది. అతని కాళ్ళవైపు చూసింది, తన చేతిలోని చెప్పులవైపు చూసింది. గోడవారగా జరిగి నిలబడింది.

మేస్త్రి భార్య ఇవేవీ విన్నట్టు లేదు. అద్దం ముందుకొచ్చి ఆగింది. ఎడమకాలు కొద్దిగా ముందుకి జరిపి, వేళ్ళు విప్పి, మళ్ళీ ముడిచింది.

"ఇక్కడ" అంది. "మన ఇంటి దానికన్నా పెద్దది. వంగు, గియ్యి."

మేస్త్రి వంగి ఆవిడ పాదం చుట్టూ సున్నా చుట్టాడు.